ఇరవై ఏడు, నాలుగు, తొమ్మిది

ఆసుపత్రిలో మా గది భూమికి రెండంతస్తుల కింద ఉంటుంది. పైన కార్ఖానా అనే పేట మెయిన్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు, చెరుకురసం బండి గంటలు. కింద అవేవీ వినబడవు. గోడలు నిలువు మనిషంత మందం. జనం దాన్ని కరెంటు పెట్టే గది అంటారు. క్యాన్సర్ గడ్డల మీద కిరణాలు పెట్టే గది అని విడమరిచి చెప్పే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

నా పేరు కల్పలత. పద్నాలుగేళ్ళుగా అక్కడ టెక్నీషియన్‌ని. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఉంటే ఉంది. ఒక్క మెషిన్, రోజుకి అరవై మంది రోగులు, ఇద్దరం మనుషులం. నవ్వుతూ చేసేవాళ్ళెవరైనా ఉంటే వచ్చి చేసి చూపించమనండి, పక్కన కూర్చుని నేర్చుకుంటాను.

నా పనల్లా రోగిని సరిగ్గా పడుకోబెట్టడం. వినడానికి ఇంతే. తలలో గడ్డ ఉంటే ముందు మాస్క్ చేస్తాం. జల్లెడలాంటి ప్లాస్టిక్ రేకుని వేడినీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద పరిచి అదిమితే పది నిమిషాల్లో ఆ ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది. రోజూ అదే మాస్క్ తొడిగి, బల్లకి క్లిప్పులు పెట్టి బిగిస్తాం. తల మూడు మిల్లీమీటర్లు కూడా కదలదు. నోరు కూడా సరిగా తెరుచుకోదు.

స్కాన్ తీసిన రోజు మాస్క్ మీద ప్లాస్టర్ ముక్కలు అంటించి, పెన్నుతో ప్లస్ గుర్తులు పెడతాం. అవి తాత్కాలికం. తర్వాత డాక్టర్లు కంప్యూటర్ మీద లెక్కగట్టి మూడు అంకెలు ఇస్తారు. పక్కకి ఎంత, పైకి ఎంత, కాళ్ళవైపు ఎంత. బల్లని అంత జరిపి, అక్కడ కొత్త గుర్తులు పెట్టి, పాతవి పీకేయాలి. ఇక ముప్పై రోజులూ ఆ కొత్త గుర్తులే దిక్కు. రెండు గోడల నుంచీ కప్పు నుంచీ ఎర్రటి లేజర్ గీతలు వస్తాయి. ఆ గీతలు గుర్తుల మీద పడేలా బల్లని సర్దితే, మెషిన్ కొట్టేది సరిగ్గా గడ్డనే. గీతలు బాగా కనబడాలని లైట్లు తగ్గిస్తాం. పగలైనా రాత్రైనా ఆ గదిలో ఒకటే వెలుతురు.

నేను చెప్పేది జూన్ నెలలో ఒక మధ్యాహ్నం సంగతి. పైన ఎండ మండిపోతోంది. మూడు గంటల రోగి నాగజ్యోతి. పద్మారావు నగర్‌లో ఒక బడిలో లెక్కల టీచరు, ముప్పై ఎనిమిదేళ్ళు. గడ్డ కుడికన్ను వెనక. ఆ కన్ను అప్పటికే పోయింది. ఆ గడ్డకీ ఎడమకంటి నరానికీ మధ్య ఐదు మిల్లీమీటర్ల జాగా ఉంది. మా పని ఆ జాగా దాటకుండా కొట్టడం. దాటితే ఆమెకి మిగిలిన ఒక్క కన్నూ పోతుంది. అదీ వెంటనే పోదు. ఆరు నెలలకో, ఏడాదికో పోతుంది. ఈ మెషిన్‌తో ఉన్న పీడ ఇదే, కొట్టిన రోజున ఏమీ కనబడదు.

ఆమెకి అది తెలుసు. అయినా బెంబేలు పడే మనిషి కాదు. మాస్క్ లోపల ఎక్కాలు చదువుకుంటుందట. పదిహేడో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి మెషిన్ ఆగిపోతుందని మొదటి వారంలోనే లెక్క తేల్చి నాకు చెప్పింది. నాకు రోగులు ఎవరూ పెద్దగా నచ్చరు. ఆమె నచ్చింది.

అది ఆమెకి తొమ్మిదో రోజు. నాతో డ్యూటీలో తిరుమల్ ఉన్నాడు. ఆరేళ్ళుగా నా తిట్లు తింటున్న మనిషి. ఇద్దరం కలిసి ఆమెని పడుకోబెట్టాం. మాస్క్ బిగించాం. గీతలు గుర్తుల మీద వెంట్రుకంత తేడా లేకుండా పడ్డాయి. ఆ క్షణంలో నాకు ఏదో వాసన వచ్చింది. రోజూ వచ్చే ఫినాయిల్ వాసన కాదు. అప్పుడే కోసిన టేకు చెక్క వాసన, దాని మీద వార్నిష్. ఎక్కడో రిపేరు పనులు చేస్తున్నారేమో అనుకున్నాను. తిరుమల్‌ని అడిగితే తనకి జలుబని, ఏ వాసనా తెలియట్లేదని అన్నాడు.

బయటికొచ్చి తలుపు మూసి, కంట్రోల్ రూములో కూర్చున్నాం. కొట్టే ముందు మెషిన్‌తోనే ఒక ఫొటో తీస్తాం. ఆ రోజు తల ఎముకలు ఎక్కడున్నాయో చూసి, ఎక్కడుండాలో దానితో పోల్చి, ఎంత తేడా ఉందో కంప్యూటరే చెబుతుంది. ఎనిమిది రోజులూ ఆమెకి సున్నా, సున్నా, ఒకటి. అంతే వచ్చేది.

ఆ రోజు తెర మీద వచ్చింది చూసి తిరుమల్ ఈల వేశాడు. నేను వేయలేదు.

ఎడమకి ఇరవై ఏడు. పైకి నాలుగు. కాళ్ళవైపు తొమ్మిది.

ఆ మూడు అంకెలూ నాకు తెలుసు. ఈ లోకంలో నాకు తప్ప ఇంకెవరికీ గుర్తుండే అవసరం లేదు.

రెండేళ్ళ కిందటి మాట. బ్రహ్మచారి అని బొల్లారం నుంచి ఒక వడ్రంగి వచ్చేవాడు, మేం చారి అనేవాళ్ళం. ముక్కు వెనక గడ్డ. సన్నగా, పొడుగ్గా, అరవై దగ్గర పడ్డ మనిషి. మొదటి రోజు ఆయన మాస్క్ మీద పాత గుర్తులూ కొత్త గుర్తులూ రెండూ ఉన్నాయి. రెండో రోజు పొద్దున నేను పాతవి పీకాను. పీకానని అనుకున్నాను. నిజానికి నేను పీకింది కొత్తవి. పాత గుర్తులు మాస్క్ మీద మిగిలిపోయాయి. ఆ వారం ఫొటో తీసే ప్యానెల్ చెడిపోయింది, దాన్ని బాగుచేసేవాళ్ళు బెంగళూరు నుంచి రావాలి. ఫొటోలు లేకుండానే గుర్తులని నమ్ముకుని కొట్టమన్నారు. కొట్టాం.

ఆ రెండో రోజే, మాస్క్ తొడిగే ముందు, ఆయన గోడ మీద లేజర్ వైపు చూసి నాతో ఒక మాట అన్నాడు.

"అమ్మా, నిన్న గీత ఈడ పడలే. జెర అవతలకి పడ్డది."

అప్పటికి బయట ఇరవై మంది ఉన్నారు. నేను ఏమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నీ పని కట్టెలు కోసుడు. నా పని గిది. నోరు మూసుకొని పండుకో."

ఆయన పడుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నలభై ఏళ్ళు చెక్క మీద గీత గీసి కోసిన మనిషి. గీత తప్పిందని ఆయనకి తెలుసు. పదకొండు రోజులు ఆయన గడ్డని వదిలేసి పక్కనున్న మంచి మాంసాన్ని కాల్చాం. పదమూడో రోజు ప్యానెల్ బాగుపడింది. ఆ పూట తిరుమల్ సెలవు. నేనొక్కదాన్నే తెర ముందు ఉన్నాను. ఎడమకి ఇరవై ఏడు, పైకి నాలుగు, కాళ్ళవైపు తొమ్మిది. ఫైలు తీసి చూస్తే స్కాన్ రోజు నుంచి జరపాల్సిన అంకెలు కూడా అవే. అర్థమైపోయింది. ఫొటో చెరిపేశాను. లోపలికెళ్ళి కొత్త గుర్తులు పెట్టి, పాతవి పీకి జేబులో వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మాస్క్ తీస్తుంటే ఆయన నా కళ్ళలోకి చూసి, ఇయ్యాల సరిగ్గ పెట్టిన్రు అన్నాడు. నేను తల తిప్పేసుకున్నాను.

ఎనిమిది నెలలకి గడ్డ తిరగబెట్టింది. ఆయన పోయాడు. జబ్బు మొండిదని డాక్టర్లు అన్నారు. తర్వాత ఆయన భార్య అనసూయమ్మ ఒకరోజు మా డిపార్ట్‌మెంటుకి వచ్చింది. కేకలు పెట్టలేదు. మెల్లగానే అడిగింది.

"సచ్చిపోయే ముందు నిన్ను ఒక్కటే మాట అడుగుమన్నడు బిడ్డా. పదకొండు దినాలు ఏడ పెట్టిన్రు అని."

నాకేం తెలుసు, పోయి డాక్టర్‌ని అడుక్కో అని కసిరి పంపాను. సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అవే అంకెలు నాగజ్యోతి పేరు కింద.

ఐదు మిల్లీమీటర్లు దాటితే లోపలికెళ్ళి చూడాలి. తిరుమల్‌ని తెర దగ్గర ఉంచి నేను వెళ్ళాను. తలుపు నుంచి మెషిన్ దాకా వంకర తిరిగిన సన్నటి దారి. రోజుకి వందసార్లు నడిచే దారి. ఆ రోజు ఆ మలుపులో కాలు ముందుకు పడలేదు. చెక్క వాసన గొంతులోకి దిగుతోంది. కాళ్ళ కింద ఏదో సన్నగా గరగరలాడింది. వంగి చూస్తే నేల శుభ్రంగా ఉంది.

మలుపు తిరిగాను. నాగజ్యోతి బల్ల మీద కదలకుండా ఉంది. గుర్తుల మీద గీతలు సరిగ్గానే ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచాను. తప్పు లేదు. మాస్క్ వదులుగా లేదు. ముక్కు, గడ్డం అన్నీ గట్టిగా అతుక్కుని ఉన్నాయి. మరి ఇరవై ఏడు ఎక్కడి నుంచి వచ్చింది?

అప్పుడు చూశాను.

కప్పు నుంచి పడే గీత రోగి మీదుగా దిగి నేల మీద తిన్నగా పోవాలి. మామూలుగా అలాగే పోతుంది. ఆ రోజు అది బల్ల తలవైపు, నేల మీద కొంత దూరం పోయి... పైకి లేచింది. గాల్లోకి. మోకాలి ఎత్తు, నడుము ఎత్తు, భుజం ఎత్తు. అక్కడ ఒంపు తిరిగి, ఇంకా పైకి వెళ్ళి, గుండ్రంగా వంగి, రెండో వైపు దిగింది. గీత ఎప్పుడూ ఏదో ఒక వస్తువు మీద పడితేనే కనబడుతుంది. అక్కడ ఏ వస్తువూ లేదు. కానీ ఆ ఎర్రటి గీత ఒక మనిషి తలనీ భుజాలనీ గీసి చూపిస్తోంది. సన్నటి మనిషి. పొడుగు. నాగజ్యోతి తల మీదికి వంగి ఉన్నాడు.

నేను కదలలేదు.

ఆ గీతలో తల భాగం... మెల్లగా... నా వైపు తిరిగింది.

ఎలా బయటపడ్డానో తెలియదు. కంట్రోల్ రూములో తిరుమల్ నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను. సీసీ కెమెరాలో చూస్తే గీత నేల మీద తిన్నగా ఉంది. ఎవరూ లేరు.

తిరుమల్ అప్పటికే ఫిజిసిస్ట్ అభిరామ్‌కి ఫోన్ చేశాడు. మెషిన్ లెక్కలు చూసేది ఆయనే. కాకినాడ కుర్రాడు, చదువులో మేటి, మెషిన్‌ని దేవుడికన్నా ఎక్కువ నమ్ముతాడు. వచ్చి తెర చూసి, పాత గుర్తుల మీద పెట్టి ఉంటారు అన్నాడు. ఆమె మాస్క్ మీద పాత గుర్తులే లేవని నేను అరిచాను. నిజంగానే అరిచాను. మాస్క్ విప్పి, లేపి కూర్చోబెట్టి, మళ్ళీ మొదటి నుంచి పెట్టండి అన్నాడు. ఆయన పక్కనుండగా ముగ్గురం కలిసి పెట్టాం. నేను నేల వైపు చూడకుండా పని చేశాను. బయటికొచ్చి ఫొటో తీస్తే ఇరవై ఏడు, నాలుగు, తొమ్మిది. మూడోసారి తీస్తే మళ్ళీ అవే.

అభిరామ్ ఇక తేల్చేశాడు. పొద్దున తనే మెషిన్‌ని పరీక్ష చేశాడట, అంతా సున్నా వచ్చిందట. ఫొటో అబద్ధం చెప్పదు, ప్లాస్టర్ ముక్క చెబుతుంది అన్నాడు. ఫొటో చెప్పినంత బల్లని జరిపి కొట్టేద్దామన్నాడు. ఇవాళ్టికి వదిలేద్దాం, ఇంటికి పంపేద్దాం అని నేను అన్నాను. ఆయన పెద్ద డాక్టర్ విష్ణువర్ధన్‌కి ఫోన్ చేశాడు. పోయిన వారం కరెంటు సమస్యతో ఇప్పటికే రెండు రోజులు పోయాయని, ఇంక గ్యాప్ ఇస్తే గడ్డ పెరుగుతుందని, ఫొటో ప్రకారం జరిపి కొట్టమని డాక్టర్ చెప్పాడు.

ఇరవై ఏడు మిల్లీమీటర్లు ఎడమకి. ఆ జరపడంతో కిరణాలు గడ్డని వదిలి సరిగ్గా ఎడమకంటి నరం మీదికి వెళతాయి. నాకు తెలుసు. కాని ఎలా తెలుసో చెప్పాలంటే చారి పేరు చెప్పాలి. చారి పేరు చెబితే నా ఉద్యోగం, నా లైసెన్సు, పద్నాలుగేళ్ళ బతుకు... అన్నీ పోతాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కాసేపు నేను ఆమె కన్ను గురించి కాదు, నా గురించే ఆలోచించాను.

లోపలి మాటలు వినడానికి కంట్రోల్ రూములో ఒక స్పీకర్ ఉంటుంది. దాన్లోంచి నాగజ్యోతి గొణుగుడు వస్తోంది. మాస్క్ కింద మూసుకున్న నోటితో ఎక్కం చదువుతోంది.

ఏడు రెళ్ళు పద్నాలుగు... ఏడు మూళ్ళు ఇరవై ఒకటి...

ఆ గొణుగుడు వెనకాల, ఒక్క క్షణం ఆలస్యంగా, ఇంకో గొంతు.

...పద్నాలుగు. ...ఇరవై ఒకటి.

మగ గొంతు. బిగించిన పళ్ళ మధ్య నుంచి వస్తున్నట్టుంది.

తిరుమల్ స్పీకర్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. "అక్కా," అన్నాడు చాలా చిన్నగా, "లోపల ఎవరన్న ఉన్నరా?"

అభిరామ్ వినలేదు. ఆయన వేలు బల్ల జరిపే బటన్ మీద ఉంది. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, అంది ఆమె. రెండో గొంతు ఇరవై ఎనిమిది అనలేదు.

ఇరవై ఏడు... అంది.

నేను అభిరామ్ మణికట్టు పట్టుకుని లాగేశాను. ఆయన కుర్చీతో సహా పక్కకి జరిగిపోయాడు.

"గా నంబర్లు ఈమెవి కావు సార్. చారివి," అన్నాను. "పదకొండు దినాలు ఆయనకి నేను తప్పు జాగల పెట్టిన. దాచిన."

తర్వాత అభిరామ్ ఎవరా చారి అని అడిగాడు, నేను మొత్తం చెప్పాను. పీకిన ప్లాస్టర్, చెరిపిన ఫొటో, జేబులో వేసుకున్న పాత గుర్తులు. నా తప్పు కప్పుకోవడానికి మెషిన్ మీదికి తోస్తున్నానని ఆయన మొదట తిట్టాడు. కంప్యూటర్లో బ్రహ్మచారి పేరు కొట్టి ప్లాన్ కాగితం తెరిచాక తిట్టడం ఆపేశాడు. మూడు అంకెలూ ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా అక్కడ ఉన్నాయి. ఆయన చాలాసేపు వాటిని చూశాడు.

మళ్ళీ ఫొటో తీశాడు. లోపలికి ఎవరూ వెళ్ళలేదు. మాస్క్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

సున్నా. సున్నా. సున్నా.

తిరుమల్ కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. వదిలిపోయిందనుకున్నాను. చెప్పాను కదా, విన్నాడు కదా, ఇక వెళ్ళిపోతాడనుకున్నాను. అభిరామ్ కొట్టమన్నాడు. నేనే బటన్ నొక్కాను. ఎర్ర బల్బు వెలిగింది. రెండున్నర నిమిషాలు. కెమెరాలో నాగజ్యోతి కదలకుండా ఉంది. స్పీకర్లోంచి ఏ ఎక్కమూ రాలేదు.

లోపలికెళ్ళి క్లిప్పులు తీశాను. చెక్క వాసన లేదు. గీతలు తిన్నగా ఉన్నాయి. మాస్క్ ఎత్తాక నాగజ్యోతి ఒక్క కంటితో చుట్టూ చూసింది. ముఖమంతా జాలీ అచ్చులు పడి ఉన్నాయి.

"ఆయన వెళ్ళిపోయారా అండి?" అంది.

ఎవరని అడిగాను.

తల దగ్గర నిలబడి రెండు చేతులతో తల పట్టుకున్న మనిషి అని చెప్పింది. మాస్క్ బిగించినప్పుడల్లా పట్టుకునే ఉన్నాడట. చేతులు గరుగ్గా ఉన్నాయట. కొత్త స్టాఫ్ అనుకుందట. అంతసేపూ కదలకుండా పట్టుకున్నాడట, కాని మెషిన్ చప్పుడు మొదలయ్యాక మాత్రం...

"చప్పుడు మొదలయ్యాక కొంచెం తిప్పారండి," అంది. "మీరే తిప్పమన్నారేమో అనుకున్నాను. మీ పేరే చెప్పారు."

ఎటు తిప్పాడని అడగాలి. ఎంత తిప్పాడని అడగాలి. నేను అడగలేదు. మాస్క్‌లో తల తిరగదు, అది కుదరని పని, భయంతో అలా అనిపిస్తుంది అని చెప్పి ఆమెని బయటికి నడిపించాను. తిరుమల్ స్పీకర్లో ఆమె మాట విన్నాడు. మర్నాటి నుంచి సెలవు పెట్టి, తర్వాత వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం విష్ణువర్ధన్ గారు నన్నూ అభిరామ్‌నీ తన గదిలోకి పిలిచారు. నేను రాజీనామా కాగితం పట్టుకుని వెళ్ళాను. ఆయన దాన్ని చింపి బుట్టలో పడేశారు. పోయిన మనిషి ఎలాగూ పోయాడు, ఇప్పుడు ఇది బయటికొస్తే ఆసుపత్రి పేరు పోతుంది, రోగులు భయపడి చికిత్స మానేస్తారు అన్నారు. ఎక్కడా ఏమీ రాయొద్దన్నారు. చారి భార్య మళ్ళీ వస్తే గేటు దగ్గరే ఆపమని చెబుతానన్నారు. అభిరామ్ తల వంచుకున్నాడు. నేను కూడా వంచుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఆ రాత్రి అన్నం కూడా తిన్నాను.

నాగజ్యోతికి మిగిలిన రోజులన్నీ సున్నాలే వచ్చాయి. చికిత్స అయిపోయింది. గడ్డ కరిగింది. ఇప్పుడు నెలకోసారి కన్ను చూపించుకోవడానికి వస్తుంది. పై అంతస్తులో, కిటికీలోంచి ఎండ పడే మామూలు గది. గోడకి అక్షరాల బోర్డు. ఆమె వచ్చే రోజు నేను ఏదో పని పెట్టుకుని పైకి వెళ్ళి గుమ్మం పక్కన నిలబడతాను. ఒక్కో వరసా ఆమెతో పాటు లోలోపల నేనూ చదువుతాను. ఐదు నెలలూ చివరి వరస దాకా చదివింది. నడుమ రెండుసార్లు బొల్లారం వెళ్ళాను. అనసూయమ్మ ఉండే వీధి మొదట్లో బండి ఆపి, లోపలికి పోవడానికి మనసు రాక తిరిగొచ్చేశాను. మూడోసారి వెళ్ళలేదు.

మొన్న బుధవారానికి ఆరో నెల. పొద్దున పదిన్నర. విష్ణువర్ధన్ గారే స్వయంగా చూస్తున్నారు. నాగజ్యోతి పై వరసలు గబగబా చదివింది. నాలుగో వరస సగంలో ఆగింది. చదవమ్మా అన్నారు డాక్టర్. ఆమె మెడ అటూ ఇటూ వంచి చూసింది. తర్వాత నర్సు వైపు తిరిగి మామూలుగా అంది.

"ఆ పెద్దాయన్ని కొంచెం పక్కకి జరగమనండి. అక్షరాలకి అడ్డంగా నిలబడ్డారు."

నర్సు బోర్డు వైపు చూసింది. డాక్టర్ చూశారు. నేనూ చూశాను. బోర్డు, గోడ, ఎండ. డాక్టర్ గొంతు తగ్గించి, ఎక్కడమ్మా అని అడిగారు. ఆమె చేత్తో చూపించింది. డాక్టర్ మాట తీరు చూసి కాస్త కంగారు పడింది.

"పోయిన నెల ఈ గుమ్మం దగ్గర, ఈవిడ పక్కన నిలబడ్డారు కదండీ," అంది నన్ను చూపిస్తూ. "ఇవాళ అక్కడిదాకా వచ్చేశారు."

డాక్టర్ నా వైపు చూడలేదు. ఫైలు మూసి, చుక్కల మందు రాసి, వచ్చే నెల పన్నెండున రమ్మన్నారు.